మగ్గం గదిలో దుమ్ము మీటరు

నేను రిటైరైన రోజు కాలేజీలో శాలువా కప్పి, భౌతికశాస్త్రానికి నేను చేసిన సేవను ఒక వక్త చాలాసేపు కొనియాడాడు. ఆ సేవ ఏమిటో ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. భౌతికశాస్త్రానికైతే అసలే తెలియదు. సభ అయ్యాక కుర్ర లెక్చరర్లు కొందరు దగ్గరికొచ్చి, పరిశోధనలోకి దిగాలనుకుంటున్నామనీ, అనుభవంతో నాలుగు మాటలు చెప్పమనీ అడిగారు. అప్పటికే పక్కన ఆకులు వేస్తున్నారు కాబట్టి రాసి ఇస్తానన్నాను. ఇది ఆ రాత. ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, అరియర్సు ఎప్పుడు పడ్డాయో ఇందులో ఉండదు. అవి గుర్తుపెట్టుకునే పని మా ఆవిడ చూసుకుంటుంది.

బీరువాలో భౌతికశాస్త్రం

నేను హిందూపురంలో చేరినప్పుడు మా హెడ్డుగారు పరికరాలంటే ప్రాణం పెట్టేవారు. అందుకే వాటిని ఎవరినీ ముట్టుకోనిచ్చేవారు కాదు. స్పెక్ట్రోమీటర్లు, గాల్వనోమీటర్లు అన్నీ బీరువాలో ఉండేవి. బీరువా తాళంచెవి ఆయన మొలతాడుకు ఉండేది. అడిగి తీసుకునే ధైర్యం ఎవరికుంటుంది?

ఏడాదికొకసారి, ఆయుధపూజ నాడు మాత్రం అవన్నీ బయటికొచ్చేవి. బల్ల మీద వరుసగా పెట్టి, తుడిచి, కుంకుమబొట్లు పెట్టి, నిమ్మకాయ కోసి, అందరికీ బొరుగులు, అంటే మరమరాలు, పంచి, మళ్లీ లోపల పెట్టేవాళ్లం. మా విద్యార్థులకు స్పెక్ట్రోమీటరు అంటే కటకం మీద కుంకుమ ఉండే వస్తువు. పరీక్షలో ఒక అమ్మాయి దాని బొమ్మ గీసి, బొట్టు కూడా పెట్టింది. మార్కులు వేశాను. ఆమె చూసిందే గీసింది.

ఆ హెడ్డుగారి హయాంలో ఒక్క పరికరమూ చెడిపోలేదు, ఒక్క ప్రయోగమూ జరగలేదు. అప్పట్లో ఆయన్ను చూసి విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు విసుక్కోను. ఏమీ కొలవని మనిషి వల్ల లోకానికి పెద్ద నష్టం లేదు. కొలిచినదాన్ని వెంటనే నమ్మేసే మనిషితోనే ఇబ్బంది. అలాంటి పెద్దమనిషి నాకు ఉద్యోగం చివరి ఏళ్లలో దొరికాడు.

నన్ను ఎందుకు పిలిచారంటే

ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లకు ఊరి బయట కొత్త కాలనీ కట్టాలనుకున్నారు. ఇళ్లకు రెండు నమూనాలు తయారయ్యాయి. మొదటిదాంట్లో ఇంట్లోనే మగ్గం గది ఉంటుంది. రెండోదాంట్లో ఇల్లు ఒకచోట, మగ్గాలన్నీ కాలనీ ఆ చివర పెద్ద షెడ్డులో. మగ్గం ఉన్న గదిలోనే తిని, పడుకునే వాళ్ల ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో, ఆ గదిలో గాలి ఎలా ఉందో తేల్చి చెబితే, దాన్నిబట్టి నమూనా ఖాయం చేస్తారట. దానికోసం భౌతికశాస్త్రం, వైద్యం, ప్రజారోగ్యం, గృహనిర్మాణం కలిపి ఒక సంయుక్త అధ్యయనం పెట్టారు. సంయుక్త అధ్యయనం అంటే ఒక శాఖ తప్పు చేస్తే మిగతా మూడూ సంతకం పెట్టే పద్ధతి.

దీనికంతా పెద్ద, చక్రపాణిగారు. బెంగళూరులో ప్రజారోగ్యం ప్రొఫెసరు. వైద్యం తరఫున పెనుకొండ డాక్టర్ రహంతుల్లా, ఇళ్ల తరఫున సుధాకర్ అనే కుర్ర ఇంజనీరు. గాల్లో సన్నని దుమ్ము ఎంతుందో చూపించే మీటరు ఒకటి వచ్చింది. ఇందులో భౌతికశాస్త్రం పాత్ర ఏమిటండీ అని నేను అడిగితే, చక్రపాణిగారు ఏమాత్రం తడుముకోకుండా, “మీటరు మోసేవారు ఒకరుండాలి కదా” అన్నారు. నా ఉద్యోగధర్మాన్ని అంత స్పష్టంగా అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

మీటరు ఒక్కటే ఉంది, అదీ ఖరీదైనది. ఎవరింట్లోనూ వదిలిపెట్టి రాకూడదని చక్రపాణిగారి ఆజ్ఞ. కాబట్టి వారానికొకసారి నేను హిందూపురంలో మీటరును ఒళ్లో పెట్టుకుని ప్యాసింజరు ఎక్కేవాణ్ణి. పెనుకొండలో డాక్టరు ఎక్కేవాడు. ధర్మవరంలో దిగి, ఆటోలో నేతవీధికి పోయి, ఒక్కో ఇంటి మగ్గం గదిలో మీటరు పెట్టి, దానికి కాపలాగా పక్కనే కూర్చునేవాళ్లం. ఈ చివరి వాక్యం గుర్తుంచుకోండి. మేము చాలా నెలలు గుర్తుంచుకోలేదు.

గుంతలో పడిన ఇంజనీరు

సుధాకర్ మంచి పిల్లవాడు. మగ్గం గది నమూనా గీసింది అతనే. చక్కగా గీశాడు, నేల అంతా సమానంగా, నున్నగా గీశాడు. ధర్మవరంలో మగ్గం ముందు ఒక గుంత ఉంటుందనీ, నేసేవాళ్లు కాళ్లు అందులో పెట్టుకుని కూర్చుంటారనీ అతనికి ఎవరూ చెప్పలేదు. మొదటిరోజు టేపు ఒక కొస నాకిచ్చి, రెండో కొస పట్టుకుని గోడదాకా వెనక్కి నడుస్తూ, గది పొడవు చదవబోయి, మాయమైపోయాడు. టేపు మాత్రం నా చేతిలో ఉంది.

ఆ ఇల్లు లక్ష్మీదేవమ్మది. ఆమె మగ్గం నేస్తుంది, భర్త నాగరాజు చీరల అంగట్లో పనికి పోతాడు. ఆమె అత్తగారిని వీధంతా అవ్వ అనే పిలుస్తారు. ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి, మగ్గానికి ఎదురుగా మంచం మీదే ఉంటుంది. మేము అందరం ఇంజనీరును పైకి లాగుతుంటే అవ్వ పడుకునే చూసి, “ఎవురమ్మే ఆ పిల్లోడు? మగ్గంలో కూచునేది గూడా రాదే. నేర్చుకునేకి వచ్చినాడా?” అంది. నేర్చుకోవడానికే వచ్చాడవ్వా, అన్నాను. ఆ సాయంత్రం నమూనాలో గుంత చేరింది. గృహనిర్మాణ శాస్త్రంలో అంత వేగంగా సవరణ జరగడం నేను మళ్లీ చూడలేదు.

డాక్టరు కష్టం వేరు. స్టెతస్కోపు పెట్టి లక్ష్మీదేవమ్మ ఊపిరి వినబోతే, పక్కిళ్ల మగ్గాలతో సహా టకటకమనే చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఒక్క నిమిషం ఆపించమన్నాడు. నాగరాజు పోయి అటూఇటూ ఇళ్లలో చెప్పి వచ్చాడు. చప్పుడు ఆగింది. నిద్రపోతున్న అవ్వ ఉలిక్కిపడి లేచి, “మగ్గాలన్నీ నిలిచిపోయినాయే, ఎవురన్నా పోయినారా?” అని ఏడవడానికి సిద్ధమైంది. ఆమెను సముదాయించేసరికి ఆ నిమిషం కాస్తా అయిపోయింది.

షెడ్డు

ఆ రోజే లక్ష్మీదేవమ్మ నన్ను నేరుగా అడిగింది, ఈ కొలతలన్నీ ఎందుకని. రెండు నమూనాల సంగతి చెప్పాను. షెడ్డు మాట వినగానే, పోగుల మధ్య అటూఇటూ పరిగెత్తే నాడె ఆమె చేతిలో ఆగింది.

“షెడ్డు యాడ కడతారు సార్?”

కాలనీ ఆ చివర, అన్నాను.

“మగ్గం ఆడ, మాయత్త ఈడ. నీళ్లు కావాలంటే ఈయమ్మ ఎవుర్ని పిలుచుకోవాల? ఈయమ్మను ఒంటిగా ఇడ్సి నేను పోయేది లేదు. పోకుంటే చీర లేదు. ఒక పని చెయ్యండి సార్, గాలి బాగుండాదని రాసేయండి.”

చూసింది రాస్తాం తప్ప, అడిగింది రాయలేమని అన్నాను. చాలా గౌరవంగా అన్నాను. నా వృత్తిలో నేను ఆడిన అత్యంత నిజాయితీ గల మాట అదే. తర్వాత జరిగింది చూస్తే, చూసింది కూడా సరిగ్గా చూడలేదని తేలింది.

వారం వారం పెరిగిన కాలుష్యం

ఆ వీధి మర్యాద గురించి ఇక్కడ చెప్పాలి. ఇంటికొచ్చిన మనిషిని ఉత్తచేతులతో పంపడం వాళ్లకు చేతకాదు. మొదటివారం లక్ష్మీదేవమ్మ బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపి, మిరపకాయ బజ్జీలు వేసింది. ఆ ఇళ్లలో మగ్గానికీ పొయ్యికీ మధ్య నడుమెత్తు గోడ ఉంటే గొప్ప. గాలి తగిలితే పడుగు పోగులు ఎండి తెగుతాయని కిటికీలు మూసే ఉంటాయి. మేము తిన్నాం. మీటరు పక్కనే ఉంది. తన పని తాను చేసుకుంటోంది.

రెండోవారం పక్కింటివాళ్లు, లక్ష్మీదేవమ్మ బజ్జీలు పెట్టిందట కదా అని ఇంకొన్ని ఎక్కువ వేశారు. ఆ తర్వాతి ఇంట్లో బజ్జీలతోపాటు వడలు కూడా వచ్చాయి. నెల తిరిగేసరికి మేము కనబడితే చాలు, వీధి మొదట్లోనే మూకుళ్లు పొయ్యి మీదికి ఎక్కేవి. ఎవరి బజ్జీ బాగుందో చెప్పమని డాక్టరును అడిగేవాళ్లు. రోగుల విషయంలో మొహమాటం లేని మనిషి ఇక్కడ మాత్రం ఎవరికీ తీర్పు చెప్పలేదు. తీర్పు చెబితే పోటీ ఆగిపోతుందని రైల్లో నాతో రహస్యంగా అన్నాడు.

అంకెలు బెంగళూరుకు పోయాయి. చక్రపాణిగారు ఫోన్ చేశారు.

“చూశారా? కాలుష్యం వారం వారం పెరుగుతోంది. ఇంత స్పష్టమైన పెరుగుదల నా సర్వీసులో చూడలేదు. మగ్గాన్ని ఇంట్లోంచి తీసేయాల్సిందే.”

పట్టు నుంచి అంత దుమ్ము వస్తుందా సార్ అని నసిగాను. అంకెలు అబద్ధం చెప్పవు అన్నారాయన. నిజమే, చెప్పవు. అడిగినదానికే జవాబు చెప్తాయి. దుమ్ము ఎంత అని అడిగాం, చెప్పాయి. ఎవరివల్ల అని మేము అడగలేదు. ఇంకో సంగతి, నేసేవాళ్ల ఊపిరితిత్తులు ఎప్పటిలాగే ఉన్నాయని డాక్టరు ప్రతివారం రాస్తున్నాడు. ఆ అధ్యయనంలో ఒంట్లో తేడా కనబడింది మా ఇద్దరికే. నాకు ప్యాంట్లు పట్టడం మానేశాయి.

ఒక నెల చక్కని గాలి

ఇంతలో రంజాన్ నెల వచ్చింది. డాక్టరు ఉపవాసం ఉంటూనే నాతోపాటు వచ్చేవాడు. సంగతి తెలిసిన లక్ష్మీదేవమ్మ, ఒక్కపొద్దు ఉన్న మనిషి ఎదురుగా బజ్జీలు వేస్తే పాపం తగులుతుందని వీధంతా చెప్పి వచ్చింది. ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలగలేదు. నాకు మాత్రం, డాక్టరు కంటపడకుండా సంచిలో పెట్టుకోమని బొరుగుల పొట్లం కట్టిచ్చేది. తిరుగు రైల్లో సంచి గలగలమంటే డాక్టరు అటువైపు తిరిగి పెనుకొండ కొండను చూస్తూ కూర్చునేవాడు. గొప్ప సంస్కారి.

ఆ నెల అంకెలు నేలమట్టమయ్యాయి. చక్రపాణిగారు ఒక్కరోజు మాత్రం తికమకపడ్డారు. రెండోరోజు కారణం కనిపెట్టేశారు: పెనుకొండ కొండ మీదుగా గాలి దిశ మారిందట. ఆ కొండ ధర్మవరానికి ఎంత దూరమో ఆయన ఎప్పుడూ చూసినట్టు లేదు. మేము వారం వారం ఆ దారినే పోతూ ఏమీ అనలేదు, కాబట్టి ఆయన్ను ఒక్కణ్ణే అనడం న్యాయం కాదు.

పండగ అయ్యాక మొదటి వారం, డాక్టరు క్యారియరు నిండా షీర్ ఖుర్మా పాయసం తెచ్చి ఇల్లిల్లూ పంచాడు. లక్ష్మీదేవమ్మ నెలరోజుల బాకీ తీర్చేదానిలాగా మూకుడు పెట్టింది. ఆ రోజు బ్యాటరీ మార్చాల్సి వచ్చి మీటరు నా చేతిలోనే ఉంది. మొదటి వాయి నూనెలో పడింది. నా కళ్లముందే అంకె లేచింది. రెండో వాయికి ఇంకా లేచింది. మగ్గం చూస్తే ఆగి ఉంది. నూనెపొగ కూడా ఆ మీటరుకు దుమ్మే.

“డాక్టర్ గారూ, మనం వెతికే కాలుష్యం మీ చేతిలో ఉంది” అన్నాను.

ఆయన చేతిలోని బజ్జీని చూశాడు, నన్ను చూశాడు. “ముందే చెప్పకూడదా అప్పా. సగం తిన్నాక చెప్తాండావు” అని, మిగతా సగం కూడా తినేశాడు.

కొలవడం అనే పనే కొలిచే వస్తువును కదిలిస్తుందని క్లాసులో ఎలక్ట్రాన్ ఉదాహరణతో ఏళ్లతరబడి చెప్పాను. ఎలక్ట్రాన్‌కు మర్యాద తెలియదు కాబట్టి ఆ ఉదాహరణ అంతగా నప్పదని ధర్మవరంలో అర్థమైంది.

పేరు కావాలా, మగ్గం కావాలా

చక్రపాణిగారికి ఫోన్ చేసి చెప్పాను. షెడ్డు కట్టమని నివేదిక అప్పటికే రాసి పెట్టారట, సంతకాలే మిగిలాయట. నా మాట పూర్తిగా విని, “బజ్జీ అనే పదాన్ని నివేదికలో ఎక్కడ పెట్టమంటారు మాస్టారూ?” అన్నారు. చివరికి, సంతకం పెట్టే ముందు ఒకసారి తానే వచ్చి చూస్తానన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన్ను ఇప్పటికీ గౌరవిస్తాను. చాలామంది పెద్దలు రారు.

ఇక లక్ష్మీదేవమ్మను ఒప్పించాలి. ఆయన వచ్చినప్పుడు పొయ్యి వెలిగించవద్దని చెప్పాం. ఎందుకో కూడా చెప్పాం. ఆమె ముఖం ఎర్రబడింది.

“అంత పెద్దాయప్ప ఇంటికొస్తే మంచినీళ్లిచ్చి పంపమంటారా? ఈదిలో నన్నేమనుకుంటారు?”

“పేరు కావల్నా తల్లీ, మగ్గం కావల్నా?” అన్నాడు డాక్టరు.

నేను అనుకున్నదానికంటే ఎక్కువసేపే ఆలోచించింది. మంచం మీద అవ్వను చూసింది. తర్వాత, “సరే, మగ్గం” అంది. ఇంకాసేపటికి, “పిండి కలిపి పెట్టుకుంటే పొగ రాదు గదా సార్?” అంది. శాస్త్రం దీనికి అభ్యంతరం చెప్పదన్నాను.

చక్రపాణిగారు వచ్చారు. వీధి మొత్తానికి కబురు పోయింది, ఒక్క మూకుడూ ఎక్కలేదు. జనం అరుగుల మీద కూర్చుని, ఊపిరి గట్టిగా తీసుకుంటే కూడా అంకె పెరుగుతుందేమోనన్నట్టు చూస్తున్నారు. లోపల లక్ష్మీదేవమ్మ నేస్తోంది. ఆ రోజంత వేగంగా ఆమె నేయడం నేను చూడలేదు. దుమ్ము రావాలంటే ఆ వేగానికి రావాలి. మీటరు అంకె కిందనే కదలకుండా కూర్చుంది. చక్రపాణిగారు దాన్నే చూస్తూ పొద్దెక్కేదాకా ఉన్నారు. చివరికి, “ఈ ఒక్కరోజు తక్కువగా ఉండటం యాదృచ్ఛికం కావచ్చు” అని సంచి సర్దుకోబోయారు.

నాడె ఆగింది. అప్పుడు అవ్వ మంచం మీదినుంచి, “ఏమ్మే లక్ష్మీ, ఆయప్ప మొగం జూడు, ఎట్ల వాడిపోయిండాదో. ఏమన్నా పెట్టు” అంది. ఆమెకు మా ఏర్పాట్లేవీ ఎవరూ చెప్పలేదు.

లక్ష్మీదేవమ్మ నన్ను చూసింది. నేను డాక్టరును చూశాను. డాక్టరు, “వెయ్యి తల్లీ, ఇప్పుడు వెయ్యి” అన్నాడు.

మూకుడు ఎక్కింది. మొదటి వాయికి చక్రపాణిగారు సంచి కింద పెట్టారు. రెండో వాయికి మీటరును చేతిలోకి తీసుకున్నారు. కళ్లలో నీళ్లు, ఒక బుగ్గలో బజ్జీ, చూపు అంకె మీద. పొయ్యి ఆపమన్నారు. ఆపి, తలుపు తెరిచారు. కాసేపటికి అంకె దిగింది. ఆయన నీళ్లు తాగి, ఒక్కసారితో ఏదీ రుజువు కాదనీ, ప్రయోగం మళ్లీ చేయాలనీ అన్నారు. మళ్లీ చేశారు. ప్లేటు ఖాళీ అయ్యేదాకా చేశారు. పరిశోధకుడంటే ఇలా ఉండాలి.

తర్వాత ఆమెను అడిగారు, “ఇవి రోజూ చేస్తారా అమ్మా?”

“రోజూ యాడ చేస్తాం సార్? ఈ సార్లు వస్తేనే.”

ఆయన తల తిప్పి మా ఇద్దరినీ చూశారు. ప్రజారోగ్యం ప్రొఫెసర్లు కాలుష్యాన్ని ఎలా చూస్తారో ఆ రోజు తెలిసింది.

చివరికి

నివేదిక మారింది. అందులో బజ్జీ అనే మాట లేదు, ‘అతిథుల రాకతో ముడిపడిన వంటపొగ’ అని ఉంది. మగ్గం ఇంట్లోనే ఉండవచ్చనీ, వంటిల్లు మాత్రం మగ్గం గదికి వీలైనంత దూరంగా కట్టాలనీ సిఫారసు చేశారు. నలుగురం సంతకం పెట్టాం. సుధాకర్ కొత్త నమూనా గీశాడు, గుంతతో సహా.

మీకు నేను చెప్పగలిగేది ఇంతే: మీరు చూస్తున్న గదిలో మీరు కూడా ఉన్నారని మరవకండి. పెట్టింది వద్దనకండి, కానీ ముందు కొలవండి, తర్వాత తినండి. మీ పెద్దలు తప్పు చెప్పినప్పుడు ఫోన్లో వాదించకండి, ఆ చోటికే పిలవండి.

కాలనీ పూర్తయ్యాక డాక్టరూ నేనూ ఒకసారి వెళ్లాం. ఈసారి చేతిలో మీటరు లేదు. ముందు గదిలో మగ్గం టకటకలాడుతోంది. దాని ఎదురుగా మంచం మీద అవ్వ హాయిగా గుర్రుపెడుతోంది. వంటిల్లు ఇంటి వెనక, పెరడు దాటి. లక్ష్మీదేవమ్మ మగ్గం దిగి, వెనక్కి పోయి, చాలాసేపటికి ప్లేటు పట్టుకుని వచ్చింది. ఇల్లు ఎలా ఉందమ్మా అని అడిగాను.

“ఇల్లు బాగుండాది సార్. వంటిల్లే అంత దూరం పెట్టించినారు. ఈడికొచ్చేలోపల బజ్జీలు చల్లారిపోతాండాయి.”

డాక్టరు ఒకటి కొరికి చూసి, నిజమేనని ధ్రువపరిచాడు. నా పరిశోధన మీద వచ్చిన విమర్శల్లో, ఈ రోజుకీ నా దగ్గర జవాబు లేనిది అదొక్కటే.